మాజీ సైనికుల కోటా: చిన్న ఉద్యోగంలో చేరితే పెద్ద ఉద్యోగానికి అర్హత పోతుందా?

ప్రశ్న: సిగ్నల్స్ హవల్దార్, విజయనగరం జిల్లా

పెద్దలకు, తోటి సైనికులకు నమస్కారం. ఇంటర్మీడియట్ పూర్తికాగానే 19వ ఏట సైన్యంలో చేరిన నేను, 21 సంవత్సరాల సర్వీసు పూర్తిచేసి వచ్చే మార్చి నెలాఖరుకు పెన్షన్‌పై ఇంటికి వస్తున్నాను. హవల్దారుగా ఇంకా కొన్నేళ్లు కొనసాగే అవకాశం ఉన్నప్పటికీ, మా అమ్మగారి ఆరోగ్యం దృష్ట్యా నేనే కోరుకుని డిశ్చార్జికి దరఖాస్తు చేసుకున్నాను. అది మంజూరైంది. నాకు డిగ్రీ లేదు.

నన్ను మూడు సందేహాలు వేధిస్తున్నాయి. సొంత అభ్యర్థనపై బయటికి వచ్చినవారిని మాజీ సైనికులుగా పరిగణించరని మా యూనిట్‌లోనే కొందరు అంటున్నారు. ఇది నిజమేనా? పదిహేనేళ్ల సర్వీసు ఉంటే పదో తరగతి చదివినవారు కూడా డిగ్రీ అడిగే ఉద్యోగాలకు అర్హులేనని మరికొందరు అంటున్నారు. అలాగైతే బ్యాంకు ఆఫీసరు పోస్టుకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చా, లేక గుమాస్తా పోస్టుకు మాత్రమేనా?

అన్నిటికంటే ముఖ్యమైనది మూడో సందేహం. విడుదలకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చని తెలిసి, బ్యాంకు గుమాస్తా పోస్టుకు, మరో రెండు కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్లకు మాజీ సైనికుల కోటాలో దరఖాస్తులు పెట్టాను. వాటిలో అన్నిటికంటే చిన్నదైన మల్టీ టాస్కింగ్ (కార్యాలయ సహాయకుడి) పోస్టు ఫలితం ముందుగా వచ్చేలా ఉంది. ఇంట్లో అవసరాల రీత్యా దానిలో చేరిపోవాలని ఉంది. అయితే మాతో పనిచేసి నాకంటే ముందు రిటైరైన ఒక మిత్రుడు ఇలాగే ఒక చిన్న ఉద్యోగంలో చేరి, తరువాత మెరుగైన ఉద్యోగానికి ఎంపికైనా, ధ్రువపత్రాల పరిశీలనలో ‘మీరు ఇప్పటికే కోటా వాడుకున్నారు’ అని తిప్పి పంపించారట. ఆయన నష్టపోయిన తీరు చూశాక అడుగు ముందుకు వేయలేకపోతున్నాను. నియమం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: మాజీ నాయబ్ సుబేదార్, ప్రస్తుతం బ్యాంకు గుమాస్తా, గుంటూరు

హవల్దార్ గారూ, మీ మూడో సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ విషయంలో సగం నియమం మాత్రమే తెలిసి నష్టపోయినవారిని చాలామందిని చూశాను.

అసలు నియమం ఇది. మాజీ సైనికుడికి ఇచ్చే రిజర్వేషన్ పునరుపాధి కోసం ఉద్దేశించినది కాబట్టి, ఆ ప్రయోజనం పొంది పౌర ప్రభుత్వ ఉద్యోగంలో ఒకసారి చేరితే, ఆ తరువాత వచ్చే ఉద్యోగాల విషయంలో ఆయనకు మాజీ సైనికుడి హోదా ఉండదు. 1985 నుంచి ఇదే అమలులో ఉంది. దీనివల్ల కలిగిన ఇబ్బంది మీరు ఎదుర్కొంటున్నదే. పరీక్షల ఫలితాలు మన సౌకర్యాన్ని బట్టి రావు. చిన్న ఉద్యోగం ఫలితం ముందొస్తే, పెద్దదాని కోసం ఎదురుచూస్తూ చేతిలో ఉన్నది వదులుకోవాలా, లేక చేరిపోయి పెద్దదాని మీద ఆశ వదులుకోవాలా అన్న సంకటంలో మనవాళ్లు పడేవారు.

ఈ ఇబ్బందిని గుర్తించే కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం 2014 ఆగస్టు 14న ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం, మాజీ సైనికుడు ఏ పౌర ఉద్యోగంలోనూ చేరకముందే వివిధ ఖాళీలకు దరఖాస్తు చేసుకుని ఉంటే, వాటిలో ఒకదానిలో చేరిన తరువాత కూడా మిగిలినవాటికి మాజీ సైనికుల రిజర్వేషన్ ప్రయోజనం పొందవచ్చు. దీనికి ఒక షరతు ఉంది. మొదటి ఉద్యోగంలో చేరిన వెంటనే, అప్పటికే ఏయే ఖాళీలకు ఏయే తేదీల్లో దరఖాస్తు చేసుకున్నారో తేదీలవారీగా రాసి, ఆ యాజమాన్యానికి స్వీయ ప్రకటన ఇవ్వాలి. మీ మిత్రుడు ఈ ప్రకటన ఇచ్చి ఉండకపోవచ్చు, లేదా చేరిన తరువాత వచ్చిన నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేసి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగినా తిరస్కరణ తప్పదు.

కాబట్టి నిస్సంకోచంగా చేరండి, కానీ చేరే రోజున ఆ ప్రకటనను రెండు ప్రతులుగా తీసుకువెళ్లండి. నోటిఫికేషన్ సంఖ్య, పోస్టు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, దరఖాస్తు చేసిన తేదీ అన్నీ అందులో ఉండాలి. ఒక ప్రతిపై ఆ కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి. ‘తరువాత చూద్దాం లెండి’ అని ఎవరైనా అంటే అంగీకరించకండి. ఆన్‌లైన్ దరఖాస్తుల ముద్రిత ప్రతులను, రుసుము చెల్లించిన రసీదులను కూడా దానికి జతచేయండి. రేపు బ్యాంకులో ధ్రువపత్రాల పరిశీలన జరిగినప్పుడు మీ మాటకు ఏకైక ఆధారం ముద్ర పడిన ఆ కాగితమే. నా విషయంలో కూడా అధికారి మొదట అడిగింది అదే కాగితం.

చేరిన తరువాత వచ్చే కొత్త నోటిఫికేషన్లకు మాత్రం కోటా వర్తించదు. గ్రూప్ సి (గుమాస్తా తరహా కింది స్థాయి కేంద్ర ఉద్యోగాలు) పరిధిలోని పై స్థాయి పోస్టులకు వయోపరిమితి సడలింపు మటుకు అప్పుడు కూడా లభిస్తుంది. రిజర్వేషన్ వేరు, వయసు సడలింపు వేరు అన్న సంగతి చాలామంది గమనించరు. ఇక ప్రైవేటు సెక్యూరిటీ సంస్థల్లోనో, ఏజెన్సీల ద్వారా ఏటీఎంల దగ్గరో చేసే కాపలా పని ప్రభుత్వోద్యోగం కిందికి రాదు కనుక, దానివల్ల మీ హోదాకు భంగం ఉండదు.

డిగ్రీ సంగతికి వస్తే, మీరు విన్నది నిజమే, కానీ దానికి హద్దులున్నాయి. పదో తరగతి ఉత్తీర్ణులై, సాయుధ దళాల్లో 15 సంవత్సరాలకు తగ్గకుండా పనిచేసినవారిని, డిగ్రీ కనీస అర్హతగా ఉండి సాంకేతిక లేదా వృత్తిపరమైన అనుభవం తప్పనిసరి కాని గ్రూప్ సి పోస్టులకు అర్హులుగా పరిగణిస్తారు. అంతకంటే పై స్థాయి అయిన గ్రూప్ బి పోస్టులకు ఇది వర్తించదు. బ్యాంకు గుమాస్తా పోస్టుకు ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్, లేదా నౌకాదళం, వైమానిక దళం ఇచ్చే సమాన ధ్రువపత్రం అడుగుతారు. ఆ పత్రం మీద ఉన్న తేదీ నోటిఫికేషన్‌లో చెప్పిన కటాఫ్ తేదీకి ముందుదై ఉండాలి. యూనిట్‌లో ఉండగానే దాన్ని చేతికి తీసుకోండి. బయటికి వచ్చాక రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరాలు రాసి తెప్పించుకునే లోపు తేదీ దాటిపోతుంది. బ్యాంకు ఆఫీసరు పోస్టుకు మటుకు నిజమైన విశ్వవిద్యాలయ డిగ్రీ కావాలి. పైగా ఆఫీసరు కేడర్‌లో మాజీ సైనికులకు రిజర్వేషన్ లేదు, వయసు సడలింపు మాత్రమే ఉంది.

జవాబు: జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి, ఒంగోలు

పై జవాబులో మొదటి సందేహం మిగిలిపోయింది కాబట్టి దాని గురించి రాస్తున్నాను. మాజీ సైనికుడు అనే మాటకు కేంద్రం 1979లో చేసిన పునరుపాధి నియమాల్లో నిర్వచనం ఉంది, 2012లో దాన్ని సవరించారు. యూనిఫాం వేసుకున్న ప్రతివారూ ఆ నిర్వచనంలోకి రారన్నది బాధ కలిగించే నిజం. ఎన్నేళ్లు పనిచేశారన్నదాని కంటే ఎలా బయటికి వచ్చారన్నదే అక్కడ నిర్ణాయకం.

సర్వీసు పూర్తయి పెన్షన్‌పై రిటైరైనవారు మాజీ సైనికులే. పెన్షన్‌కు అర్హత సంపాదించిన తరువాత సొంత అభ్యర్థనపై వచ్చినవారు కూడా మాజీ సైనికులే. ఆఫీసరు స్థాయికి దిగువన ఉన్నవారికి ఆ అర్హత 15 సంవత్సరాలతో వస్తుంది. హవల్దార్ గారు 21 సంవత్సరాలు చేశారు కనుక ఆయన హోదాకు ఏ లోపమూ లేదు. మీ యూనిట్‌లో వినబడిన మాట, పెన్షన్ రాకముందే సొంత కోరికపై వెళ్లిపోయినవారికి వర్తించేది. ఎనిమిదేళ్లకో పదేళ్లకో కుటుంబ కారణాలతో స్వచ్ఛందంగా డిశ్చార్జి తీసుకుని, పెన్షన్ లేకుండా వచ్చినవారికి ఈ కోటా లేదు. అలాంటివారు మా కార్యాలయానికి వచ్చి, డిశ్చార్జి బుక్ చూపించి, ఇది చాలదా అని అడిగినప్పుడు సమాధానం చెప్పడం చాలా కష్టంగా ఉండేది.

అయితే సర్వీసు తక్కువైనా అర్హులయ్యేవారు కొందరున్నారు. సైనిక సర్వీసు వల్ల కలిగిన అనారోగ్యం లేదా గాయం కారణంగా వైద్య కారణాలపై విడుదలై, వైద్య పెన్షన్ లేదా వైకల్య పెన్షన్ పొందుతున్నవారు మాజీ సైనికులే. సిబ్బంది తగ్గింపు వల్ల తమ ప్రమేయం లేకుండా విడుదలైనవారు, ఒప్పందం ప్రకారం నిర్దిష్ట కాలం పూర్తిచేసి గ్రాట్యుటీతో విడుదలైనవారు కూడా ఈ పరిధిలోకి వస్తారు. ఈ చివరి వర్గంలో సొంత కోరికపై వెళ్లినవారిని, దుష్ప్రవర్తన వల్ల తొలగించినవారిని చేర్చరు. కాబట్టి డిశ్చార్జి బుక్‌లో విడుదల కారణం రాసే గడిని సంతకం పెట్టే ముందు ప్రతి ఒక్కరూ జాగ్రత్తగా చదువుకోవాలని నా విన్నపం. పరిశీలనాధికారి చూసే మొదటి పంక్తి అదే.

కోటా ఎంతో కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రభుత్వ శాఖలకు, ప్రభుత్వ రంగ సంస్థలకు శాతాలు వేర్వేరుగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో నేరుగా భర్తీ చేసే గ్రూప్ సి ఖాళీల్లో 10 శాతం, అన్నిటికంటే కిందిదైన పాత గ్రూప్ డి స్థాయి ఖాళీల్లో 20 శాతం మాజీ సైనికులవి. ప్రభుత్వ రంగ సంస్థల్లో, బ్యాంకుల్లో ఇవి 14.5 శాతం, 24.5 శాతం. ఈ రెండింటిలోనూ ఉన్న 4.5 శాతం, వైకల్యం పొందిన మాజీ సైనికులకు, యుద్ధ చర్యల్లో అమరులైనవారి ఆశ్రితులకు ఉద్దేశించినది. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో అసిస్టెంట్ కమాండెంట్ స్థాయి వరకు 10 శాతం ఉంది.

ఇది సమాంతర రిజర్వేషన్. అంటే ఎంపికైన మాజీ సైనికుడిని ఆయన సామాజిక వర్గానికి చెందిన స్థానంలోనే సర్దుబాటు చేస్తారు. అందుకే బీసీ వర్గాలవారు కేంద్ర నమూనాలోని ఓబీసీ ధ్రువపత్రాన్ని విడిగా తీసుకోవాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. తహసీల్దారు కార్యాలయంలో రాష్ట్ర నమూనా పత్రం తీసుకుని పరిశీలనకు వెళ్లి వెనక్కి వచ్చినవారు మా జిల్లాలోనే ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు: సిగ్నల్స్ హవల్దార్, విజయనగరం జిల్లా

ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. స్వీయ ప్రకటన సంగతి మా రెజిమెంట్‌లో ఎవరూ చెప్పలేదు. ఇంకొక రెండు విషయాలు దయచేసి చెప్పండి. ఇప్పుడు పెట్టిన దరఖాస్తులన్నీ ఫలించకపోతే, ఇంకా ఎన్నేళ్ల వరకు కోటాలో ప్రయత్నించవచ్చు? మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నేను కోటా వాడుకోకపోతే ఆమెకు అది బదిలీ అవుతుందని మా ఊళ్లో ఒక పెద్దమనిషి అంటున్నారు. దానిలో నిజం ఉందా?

జవాబు: వైమానిక దళ మాజీ వారెంట్ ఆఫీసర్, సికింద్రాబాద్

వయసు లెక్క పైకి గందరగోళంగా కనిపించినా అసలు చాలా సులువు. కేంద్ర గ్రూప్ సి పోస్టులకు మన అసలు వయసులోంచి సైనిక సర్వీసు కాలాన్ని తీసివేస్తారు. మిగిలినది ఆ పోస్టు గరిష్ఠ వయసును 3 సంవత్సరాలకు మించి దాటకూడదు. సర్వీసు కాలాన్ని తీసివేస్తే మిగిలేది, మనం సైన్యంలో చేరినప్పటి వయసు, దానికి తోడు బయటికి వచ్చాక గడిచిన కాలం మాత్రమే. అందుచేత ఎన్నేళ్లు సర్వీసు చేశామన్న దానితో ఈ గడువు మారదు. మీరు 19వ ఏట చేరారు. గరిష్ఠ వయసు 27గా ఉన్న పోస్టుకు సడలింపుతో 30 అవుతుంది. కనుక విడుదలైన నాటి నుంచి 11 సంవత్సరాల వరకు మీరు అర్హులే.

బ్యాంకు గుమాస్తా పోస్టుకు గరిష్ఠ వయసు 28. దానికి మీ సర్వీసు, మరో 3 సంవత్సరాలు కలిపితే 52 అవుతుంది, కానీ బ్యాంకులు 50 దాటనివ్వవు. అంటే మీకు అక్కడ సుమారు పదేళ్ల గడువు ఉంది. వైమానిక దళంలో నాలాగా ఎక్కువ సర్వీసు చేసి నలభై దాటాక వచ్చేవారికి ఈ 50 సంవత్సరాల హద్దు బాగా తగులుతుంది. అటువంటివారు మొదటి రెండు మూడేళ్లను వృథా చేసుకోకూడదు.

బ్యాంకు దరఖాస్తులో ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. గుమాస్తా పోస్టుకు ఒకే రాష్ట్రానికి దరఖాస్తు చేయాలి, ఆ రాష్ట్ర భాష వచ్చి ఉండాలి. పదో తరగతి మార్కుల పత్రంలో తెలుగు ఒక పాఠ్యాంశంగా ఉంటే భాషా పరీక్ష నుంచి మినహాయింపు ఉంటుంది. తండ్రి పోస్టింగుల వల్ల కేంద్రీయ విద్యాలయంలో హిందీ, ఇంగ్లీషు మాత్రమే చదివి, ఆ తరువాత తానూ సైన్యంలో చేరిన వారికి ఈ పరీక్ష ఉంటుంది. మన ఇంటి భాషే కదా అని నిర్లక్ష్యం చేయకుండా, చదవడం, రాయడం సాధన చేసుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలను కూడా మరచిపోకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో మాజీ సైనికులకు 2 శాతం ఉంది. వయసులో సర్వీసు కాలం, అదనంగా 3 సంవత్సరాలు సడలింపు ఇస్తారు. కేంద్రం ఇచ్చిన పదిహేనేళ్ల వెసులుబాటు రాష్ట్ర పోస్టుకు కూడా దానంతటదే వర్తిస్తుందని మాత్రం అనుకోకండి. విద్యార్హత గురించి ప్రతి నోటిఫికేషన్‌లో ఏం రాశారో చదివి నిర్ణయించుకోండి. నా అభిప్రాయంలో, ఇంకా పదేళ్ల గడువు ఉన్న మీలాంటివారు దూరవిద్య ద్వారా డిగ్రీ పూర్తిచేయడమే మేలు. సర్వీసును బట్టి వచ్చే సమానత్వం ఉద్యోగంలో చేరడానికి పనికివస్తుంది కానీ, అది విశ్వవిద్యాలయ డిగ్రీ కాదు, పై చదువులకు పనికిరాదు.

అగ్నివీర్‌గా చేరిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఇక్కడ చదువుతూ ఉంటారు కాబట్టి ఒక మాట. నాలుగేళ్ల తరువాత బయటికి వచ్చే అగ్నివీరులకు పెన్షన్ గానీ మాజీ సైనికుడి హోదా గానీ ఉండవు. పైన చెప్పిన శాతాలు వారికి వర్తించవు. వారి కోసం కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో, అస్సాం రైఫిల్స్‌లో 10 శాతం రిజర్వేషన్‌ను, వయసులో 3 సంవత్సరాలు, మొదటి బ్యాచ్‌కు 5 సంవత్సరాల సడలింపును 2022 జూన్‌లో విడిగా ప్రకటించారు.

జవాబు: సుబేదార్ గారి సతీమణి, కాకినాడ

హవల్దార్ గారూ, మీ అమ్మాయి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇదే మాట నమ్మి మా బంధువులు ఒకరు తమ కోటాను వాడుకోకుండా కూర్చున్నారు. మాజీ సైనికుల ఉద్యోగ కోటా పిల్లలకు బదిలీ కాదు. పై పెద్దలు చెప్పిన 4.5 శాతంలో ఆశ్రితులకు చోటు ఉన్నది యుద్ధ చర్యల్లో అమరులైనవారి కుటుంబాలకే. మామూలుగా రిటైరైన సైనికుల పిల్లలకు కొన్ని విద్యాసంస్థల ప్రవేశాల్లో ప్రాధాన్యం, సైనిక సంక్షేమ శాఖ ద్వారా ఉపకార వేతనాలు లభించవచ్చు. వాటికోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మీ పేరు, కుటుంబ సభ్యుల పేర్లు నమోదు చేయించి, గుర్తింపు కార్డులు తీసుకోండి. ఉద్యోగ కోటా మీది, దాన్ని మీరే వాడుకోవాలి.

ఇంకొక విషయాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. మన తెలుగువారి పదో తరగతి పత్రాల్లో ఇంటిపేరు ముందు ఉంటుంది, లేదా ఒక్క అక్షరంతో సరిపెడతారు. సైన్యంలో చేరేటప్పుడు దాన్ని విడదీసి, కొన్నిసార్లు తండ్రి పేరును కూడా కలిపి వేరే విధంగా రాస్తారు. డిశ్చార్జి బుక్‌లో ఒక పేరు, పదో తరగతి పత్రంలో ఒక పేరు, ఆధార్‌లో మరొక పేరు ఉంటే పరిశీలనలో ఆపేస్తారు. మావారు సర్వీసులో ఉండగానే యూనిట్ ఆఫీసు ద్వారా పార్ట్ టూ ఆర్డరు (సర్వీసు రికార్డుల్లో మార్పులు నమోదు చేసే ఉత్తర్వు) వేయించి పేరును, నా పేరును, పిల్లల పుట్టిన తేదీలను సరిచేయించుకున్నారు. విడుదలైన తరువాత అదే పనికి రికార్డ్స్ ఆఫీసుతోను, పెన్షన్ కార్యాలయంతోను ఉత్తర ప్రత్యుత్తరాలు నడపాలి, పెన్షన్ ఉత్తర్వును కూడా సవరించాలి. మార్చికి ఇంకా సమయం ఉంది కనుక, ఈ వారంలోనే మీ యూనిట్ హెడ్ క్లర్కును కలిసి, పదో తరగతి పత్రంతో పక్కపక్కన పెట్టి ప్రతి అక్షరం సరిచూసుకోండి.